‘షుగర్’ అంటే ఏ షుగర్?

సంపాదకులకు,

మీ ఆరోగ్యం పేజీని మా ఇంట్లో అందరికంటే ముందు చదివేది మా అత్తయ్యే. బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నా ఆవిడకు తెలుగు పేపర్ లేనిదే కాఫీ దిగదు. మొన్న మీరు ‘షుగర్ ఉన్నవాళ్లు షుగర్ లేని బిస్కెట్లు తినవచ్చు’ అని రాశారు. ఒకే వాక్యంలో ఒక షుగర్ జబ్బు, ఇంకోటి చక్కెర. రక్తంలో ఉండే షుగర్ మూడోది, అది గ్లూకోజ్, దాని ఊసే లేదు.

ఆ మాట నమ్మి ఆవిడ ప్యాకెట్ తెప్పించుకున్నారు. ముందు పెద్ద అక్షరాల్లో ‘చక్కెర కలపలేదు’ అని ఉంది, వెనక చీమ తలకాయంత అక్షరాలను ఫోన్‌లో పెద్దవి చేసి చూస్తే మొదటి పేరు మైదా, ఆ తర్వాత మాల్టోడెక్స్‌ట్రిన్. ఏది ఎక్కువ బరువుంటే దాన్ని ముందు రాయాలన్నది రూలు. మైదాలో ఉన్నది పిండిపదార్థం, అంటే గ్లూకోజ్ గొలుసులే, మాల్టోడెక్స్‌ట్రిన్ కూడా అంతే, కాకపోతే పొట్టి గొలుసు, కాబట్టి తొందరగా అరిగి రక్తంలోకి వస్తుంది. నాలిక్కి తీపి తెలియనంత మాత్రాన ఒంటికి తెలియకుండా పోదు కదా!

బెల్లం సంగతీ ఇంతే. చక్కెర మానేశానని ఆవిడ రోజూ మూడు సార్లు బెల్లం కాఫీ తాగుతారు. బెల్లంలోనూ ఎక్కువ భాగం సుక్రోజే, అది కడుపులో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్‌గా విడిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో రోజు మొత్తం తిండి నుంచి వచ్చే శక్తిలో చక్కెరల వాటా 10 శాతం దాటొద్దని చెప్పిన లెక్కలో మనం కలుపుకునే బెల్లం, తేనె, పళ్ల రసం కూడా ఉన్నాయి. పండును పండుగా తింటే ఆ లెక్కలోకి రాదు.

నూనె డబ్బా మీద ‘కొలెస్ట్రాల్ లేదు’ అని గొప్పగా వేస్తారు. వేరుశెనగ నూనెలో అది ఉంటే కదా పోవడానికి, అది జంతువుల నుంచి వచ్చే తిండిలో ఉండేది. కొవ్వు మాత్రం నిండా ఉంది, గ్రాముకు 9 కేలరీలు, చక్కెరకైతే 4. ఆ ‘కొలెస్ట్రాల్ లేదు’ చూసి మా ఆయన దోసె మీద ఇంకో గరిటె పోయించుకుంటారు.

ఇక షుగర్ జబ్బు ‘జన్యుపరంగా వస్తుంది’ అన్న మీ వాక్యం ఇంకా పెద్ద టెన్షన్ పెట్టింది. మామయ్యకు ఉంది కాబట్టి ఎలాగూ వస్తుంది, ఇప్పుడే ఎందుకు నోరు కట్టుకోవడం అంటారు మా ఆయన. ఎక్కువమందికి వచ్చే షుగర్ జబ్బు రకం టైప్ 2, దాన్లో ఒక్క జన్యువు కాదు, చాలా జన్యువులు తలా కాస్త చేయి వేస్తాయి, తల్లిదండ్రుల నుంచి దిగేది జబ్బు వచ్చే అవకాశమే గానీ జబ్బు కాదు. ఆ ఒక్క ముక్క మీరు రాసుంటే మా ఇంట్లో సగం గొడవ తగ్గేది.

దయచేసి వారానికి ఒక మాట తీసుకుని నాలుగు లైన్లలో విడమరిచి రాయండి, గ్లూకోజ్‌తో మొదలుపెట్టినా చాలు. నేను చెప్తే ఆవిడ వినరు, పేపర్లో వస్తే కత్తిరించి ఫ్రిజ్ మీద అంటిస్తారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మారతహళ్లి, బెంగళూరు