పద్మశ్రీ రాని డోలి పెద్దల మాటేమిటి?

సంపాదకులు గారికి,

నమస్కారం. మణుగూరు మండలం కూనవరంలో కోయ ఆదివాసీ డోలి కళాకారుడు పద్మశ్రీ సకిని రామచంద్రయ్య గారు 2024 జూన్‌లో కన్నుమూశారు. (శబరి, గోదావరి కలిసే కూనవరం వేరు, ఇది వేరు. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడేవాళ్లు మా జిల్లాలోనే ఉన్నారు.) వార్త పత్రికల్లో వచ్చింది, నాయకులు సంతాపం తెలిపారు. నాలుగు రోజులు తిరిగేసరికి ఆ మాట మరుగున పడింది. ఆయనకు నివాళిగానూ, ఆయన తర్వాత ఏమిటన్న దిగులుతోనూ ఈ ఉత్తరం రాస్తున్నాను. భద్రాచలం ఏజెన్సీలో ఒక ఆశ్రమ పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతుంటాను. నేను కోయవాడిని కాను. నా తరగతిలో పిల్లలు మాత్రం నూటికి తొంభై మంది కోయలే.

పత్రికల్లో డోలి అన్న మాట కనిపిస్తే చాలామందికి గుర్తొచ్చేది రోడ్డు లేని గూడెం నుంచి గర్భిణిని మోసుకొచ్చే డోలీ. రామచంద్రయ్య గారి డోలి వేరు. మెడలో వేసుకుని రెండు పక్కలా వాయించే వాద్యం అది. ఆ వాద్యం వాయించి కోయల వంశాలను, వేల్పులను గానం చేసే వాళ్లనూ డోలి అనే అంటారు. కోయలలో మూడో గట్టు నుంచి ఏడో గట్టు దాకా ఐదు గట్లు (గోత్రాల లాంటివి) ఉన్నాయి. ఒక గట్టువాళ్లందరూ అన్నదమ్ముల కింద లెక్క. పెళ్లి చేసుకోవాలంటే గట్టు మారాల్సిందే. ఏ ఇంటిపేరు ఏ గట్టులోకి వస్తుంది, ఏ గట్టుకు ఏ వేల్పు, ఆ వేల్పు ఎక్కణ్నుంచి నడిచి ఎక్కడ నిలిచింది అన్నదంతా డోలి నోట్లోనే ఉంటుంది. వేల్పు కొలుపులో పడిగె (బొమ్మలున్న గుడ్డ జెండా) విప్పి, దాని మీది బొమ్మలను ఒక్కొక్కటిగా చూపిస్తూ రాత్రంతా పాడతారు. కోయ భాషకు సొంత లిపి లేదు కాబట్టి రిజిస్టరన్నా, పాఠ్యపుస్తకమన్నా ఆ పాటే.

రామచంద్రయ్య గారు ఆ కథలను కోయలోనూ తెలుగులోనూ పాడగలిగేవారు. సమ్మక్క సారలమ్మల కథను మేడారం జాతరకు వచ్చే లక్షలాది మంది ఏదో ఒక రూపంలో వినే ఉంటారు. దాన్ని డోలి మీద, కోయ మాటల్లో, పూర్వీకుల పేర్లతో సహా పాడేవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అలాంటివారిలో ఒకరు పోతే 'డోలు కళాకారుడి మృతి' అని రాయడం నా మనసుకు కష్టంగా తోచింది. పోయింది వాయించే చెయ్యి ఒక్కటే కాదు కదా.

నాకు ఈ సంగతి పుస్తకాల వల్ల తెలియలేదు. నిరుడు ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి సినిమా పాటల డాన్సులు వద్దని, పక్క గూడెం నుంచి ఒక డోలి పెద్దాయనను పిలిచాం. అవి నాట్ల రోజులు. ఆయన కూలి మానుకుని వచ్చాడు. పొద్దుట్నుంచీ ముసురు. తోలు నెమ్మెక్కి మోత మందంగా వస్తుంటే, వంట గదిలోకి వెళ్లి కట్టెల పొయ్యి ముందు గొంతుక్కూర్చుని డోలిని అటూ ఇటూ తిప్పుతూ కాచాడు. తాళ్లు ఒక్కో వరుసా లాగి బిగించి, వేళ్లతో మీటి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. దానికే ముప్పావు గంట పట్టింది. మైకు దగ్గర పిల్లలు గోల చేస్తున్నా తొందరపడలేదు.

తర్వాత ముందు వరుసలో కూర్చున్న ఏడో తరగతి పిల్లవాణ్ని చూసి కోయలో ఏదో అడిగాడు. 'నీది ఏ గట్టు' అని అడుగుతున్నాడని పక్కనున్న అమ్మాయి నాకు చెప్పింది. వాడికి తెలియదు. ఇంటిపేరు, తాత పేరు చెప్పాడు. పెద్దాయన కళ్లు మూసుకుని డోలి మీద చెయ్యి వేశాడు. ఓ పది నిమిషాలు ఆ పిల్లవాడి వంశం పాడాడు. పాట మధ్యలో ఆగి, నాలుగో వరుసలో కూర్చున్న, వేరే మండలం నుంచి వచ్చిన ఒక అమ్మాయిని ఇంటిపేరు అడిగి, 'ఇది నీకు చెల్లెలురా' అని ఈసారి తెలుగులో అన్నాడు. అప్పటిదాకా వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోగా నేను చూడలేదు. ఆ సాయంత్రం నుంచి ఆ పిల్లవాడు ఆమెను పేరు పెట్టి పిలవడం మానేశాడు. పదిహేడేళ్లుగా నేను పాఠం చెబుతున్నాను. ఒక పిల్లవాడికి తానెవరో అంత సూటిగా ఎన్నడూ చెప్పలేకపోయాను.

ఆయనకు ఇవ్వడానికి బడి పద్దుల్లో ఏ ఖాతా లేదు. అతిథి ఉపన్యాసకుడిగా చూపిద్దామంటే విద్యార్హత అడుగుతారు. ఉపాధ్యాయులం తలా కొంత వేసుకుని కూలి డబ్బులు, ఒక పంచె ఇచ్చి పంపాం. ఆయన ఏమీ అనలేదు. నాకే సిగ్గేసింది.

రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు అప్పటి ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. 2024 ఫిబ్రవరిలో తర్వాతి ప్రభుత్వం పద్మశ్రీ కళాకారులకు 25 లక్షల రూపాయలు, నెలకు 25 వేల పింఛను ప్రకటించింది. మంచి పనే, కాదనను. అయితే ఇదంతా ఢిల్లీ దాకా పేరు వెళ్లిన తర్వాతి మాట. మా పెద్దాయన పేరు మండలం కూడా దాటలేదు. ఆయన వయసువాళ్లు గోదావరికి అటూ ఇటూ గూడేల్లో ఇంకా కొందరున్నారు. వాళ్లకు పురస్కారం వచ్చేదాకా ఆగుదామంటే వయసు ఆగదు.

గిరిజన సంక్షేమ శాఖకు నా విన్నపం ఒక్కటే. కోయ పిల్లలున్న ప్రతి ఆశ్రమ పాఠశాలకూ ఒక డోలి పెద్దను నెల జీతం మీద పెట్టండి. డిగ్రీ అడగకండి. ఆయనకు పాట వచ్చా రాదా అన్నది ఆ గూడెం పెద్దలు తేలుస్తారు. వారానికి రెండు రోజులు బడికి వస్తే చాలు. ఆయన వెంట నేర్చుకునే కుర్రాడికి కూడా ఎంతో కొంత ఇవ్వండి. తండ్రి వెంట కొడుకు తిరుగుతూ నేర్చుకునే విద్య ఇది. కొడుకు ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు, లేదా ఎక్కడో కూలి పనిలో ఉన్నాడు. వాణ్ని తప్పు పట్టలేం. డోలి మీద ఇల్లు గడవదు.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో కోయతో కలిపి ఎనిమిది గిరిజన భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టారు. తెలుగు లిపిలో కోయ వాచకాలు వేశారు. 2011 జనగణనలో కోయ మాతృభాష అని చెప్పుకున్నవాళ్లు 4 లక్షల పైచిలుకు. అంతమంది మాట్లాడే భాషకు వాచకం ఒకప్పుడు వేయగలిగిన వాళ్లం, పాటకు పంతులును పెట్టలేమా?

ఇంకొక మాట. పోలవరం ముంపు కోసం 2014లో మా పక్క మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. గూడేలు లేచి పునరావాస కాలనీలకు పోతున్నాయి. ఒక గట్టువాళ్లు చెట్టుకొకరు పుట్టకొకరు అవుతున్నారు. వేల్పు గద్దె ఒకచోట, దాన్ని కొలిచేవాళ్లు ఇంకోచోట. నష్టపరిహారం లెక్కల్లో ఇల్లు, పొలం, చెట్టు ఉన్నాయి. డోలి పెద్దలు తిరిగే దారిని ఎవరు లెక్క కడతారు? ఈ విషయంలోనైనా రెండు రాష్ట్రాల ఐటీడీఏలు (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థలు) కూర్చుని మాట్లాడుకోవాలి. పెద్దల పాటలను గూడెం గూడెం తిరిగి, పడిగెలతో సహా రికార్డు చేయించాలి. ఆ రికార్డులు హైదరాబాద్‌లో బీరువాలో పెట్టి తాళం వేయడానికి కాదు. ఒక ప్రతి ఆ గూడేనికే తిరిగి ఇవ్వాలి. పాట వాళ్లది.

మీ పత్రికకూ ఒక మనవి. మేడారం జాతర మళ్లీ వస్తుంది. ఎప్పటిలాగే జనం ఎంతమంది, బెల్లం ఎంత, బస్సులు ఎన్ని అని రాస్తారు. ఈలోగా మీ విలేకరులు ఈ పెద్దల ఇళ్లకు ఒక్కసారి వెళ్లాలి. వాళ్లు పాడగలిగి ఉన్నప్పుడే వెళ్లాలి.

రామచంద్రయ్య గారు పోయాక ఆయన పాడిన వీడియో ఒకటి తరగతిలో ఫోన్ మీద చూపించాను. నిరుటి ఆ పిల్లవాడు ఇప్పుడు ఎనిమిదిలో ఉన్నాడు. ఫోను చెవికి ఆనించుకుని విని, కొన్ని మాటలు తనకు అర్థం కావడం లేదని, పెద్దాయనను అడగాలని అన్నాడు. ఈ ఆగస్టు 9కి ఆయనను మళ్లీ పిలిచాం. డోలికి కొత్త తాళ్లు వేయిస్తున్నానని కబురు పంపాడు.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయుడు,
భద్రాద్రి కొత్తగూడెం జిల్లా