లంగర్‌హౌజ్ దారిలో ఆదుకున్న పెద్దాయనకు కృతజ్ఞతలు
మెహదీపట్నం నుంచి లంగర్‌హౌజ్ వెళ్లే దారిలో, స్టార్ట్ అయిన కాసేపటికే ఆగిపోతున్న మా పాత కార్బ్యురేటర్ కారును చూసి, స్కూటర్ పక్కన ఆపి వచ్చిన పెద్దాయనకు మా కుటుంబం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు తెలియజేస్తున్నాను. ఇంజిన్‌కు పెట్రోలు అందడం లేదేమోనని ఆయన ముందుగా ట్యాంకు మూత తీయించగా, బుస్సుమని గాలి లోపలికి పోయింది. మూతలోని సన్నని గాలిరంధ్రం దుమ్ముతో పూడుకుపోతే, పెట్రోలు ఖర్చయిన కొద్దీ ట్యాంకులో శూన్యం ఏర్పడి పంపు ఇంధనాన్ని లాగలేకపోతుందని, కాసేపటికి గాలి మెల్లగా చేరాక బండి మళ్లీ స్టార్ట్ అవుతుందని ఎంతో ఓపికగా వివరించారు. రంధ్రం శుభ్రం చేశాక ఇంజిన్ నిలకడగా నడిచింది. ఏ భాగమూ మార్చకుండా అసలు కారణాన్ని పట్టుకున్న ఆ నైపుణ్యం ఎంతో గౌరవించదగినది. ఆయన డబ్బు తీసుకోలేదు, పేరైనా చెప్పలేదు. అయ్యా, మీరు చెప్పినట్టే కొత్త మూత వేయించాము.