వాళ్లు అడిగారు, నేనూ అడిగాను

విజయనగర్, బెంగళూరు
శనివారం రాత్రి

ఒసేయ్ జ్యోతీ,

ఇంటర్వ్యూ ఎలా జరిగింది, సీవీలో లీగల్ ఎయిడ్, అదే పేదలకి ఉచిత న్యాయ సాయం, అని రాస్తే ఏమైనా పనికొస్తుందా అని అడిగావు కదా. వాట్సాప్‌లో రెండు ముక్కలు కొట్టి ఊరుకోబుద్ధి కాక కాగితం తీశాను.

ఇక్కడ పెద్ద లా ఫర్మ్‌లు ఉద్యోగాలకి మనల్ని ఎంచుకోడానికి నాలుగో ఏడాదిలోనే కాలేజీకి వచ్చేస్తాయి. మొదటిరోజుని డే జీరో అంటారు. మార్కులు, మూట్లు (ఉత్తుత్తి కోర్టు వాదనల పోటీలు) చూసి ముందే వడపోస్తారు. కొందరికి ఇంటర్న్‌షిప్ చేసిన చోటే పీపీవో, అంటే ముందస్తు ఉద్యోగం ఆఫర్, వచ్చేస్తుంది. మన ఐదేళ్ల కోర్సుకి బార్ కౌన్సిల్ కనీసం 20 వారాల ఇంటర్న్‌షిప్ పెట్టింది కదా, ఆ వారాలు ఎక్కడ గడపాలన్నదే మా క్లాసులో అందరి టెన్షన్. ఇదంతా నీకూ తెలిసిందేలే.

నన్ను చివర్లో అడిగారు, "లీగల్ ఎయిడ్ అని రాశారు, ఏం చేశారు?" అని. నేను ఓబులేసన్న గురించి చెప్పాను.

ప్రతి శనివారం మెట్రో ఎక్కి కెంగేరిలో దిగి, అవతల లేబర్ షెడ్ల దగ్గర మా లీగల్ ఎయిడ్ క్లినిక్‌లో కూర్చుంటాను. ఓబులేసన్నది కదిరి పక్క పల్లె, తాపీమేస్త్రి. కన్నడం గడగడా మాట్లాడతాడు గానీ చదవలేడు. నేను అక్షరాలు నేర్చుకున్నాను. మన లిపికి దగ్గరే కదా, తలకట్టు తేడా పట్టుకుంటే సగం వచ్చేసినట్టే. ఆయనకి భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు ఇచ్చే కార్డు కావాలి. చట్టం ప్రకారం 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు భవన నిర్మాణ పని చేసుంటే చాలు. ఆ 90 రోజులకి సంతకం పెట్టమంటే కాంట్రాక్టర్ పెట్టడు.

అప్పుడు ఓబులేసన్న చొక్కా లోపలి జేబులోంచి చిన్న డైరీ తీశాడు. పెన్సిల్‌తో హాజరీ గీతలు. పూర్తి రోజుకి నిలువు గీత, అరపూటకి సగం గీత, వాన పడి పని ఆగితే సున్నా. అక్కడక్కడా చెమటకి చెరిగిపోయాయి. ఇద్దరం కూర్చుని లెక్కబెడితే 212 రోజులు తేలాయి! వేలిముద్ర దగ్గర ఇంకో చిక్కు. సిమెంటుకి వేళ్లు అరిగి నున్నగా అయిపోయాయి, మెషీన్ ఒక్క వేలు కూడా తీసుకోలేదు. "ఈ చేతులతో ఎన్ని ఇళ్లు కట్టినానో పాపా, నా వేలు నాదేనని ఇది ఒప్పుకోలేదు" అన్నాడు. నాకు గొంతు పట్టేసింది. కార్మిక సంఘం ఇచ్చిన పత్రం కూడా చెల్లుతుందని చూసి, వాళ్ల ఆఫీసు చుట్టూ రెండు శనివారాలు తిరిగి రాయించాం. కార్డు చేతికొచ్చిన రోజు దాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి, ఆ డైరీ పక్కనే పెట్టుకున్నాడు.

ఇదంతా విని ఇంటర్వ్యూ చేస్తున్న మేడం పెన్ను పక్కన పెట్టారు. "మీరేమైనా అడుగుతారా?" అన్నారు. రాత్రంతా మనసులో తిరిగిన మాటే అడిగేశాను. "ఇలాంటి కేసు నేను తీసుకొస్తే, దానిమీద పెట్టిన గంటలు మీ దగ్గర లెక్కలోకి వస్తాయా?"

ఎందుకడిగానంటే, ఫర్మ్‌లో మన రోజంతా బిల్లబుల్ గంటలే, అంటే క్లయింటుకి బిల్లు వేసే గంటలు. క్లయింటు డబ్బు కట్టని గంటని ఎవరు లెక్కపెడతారు? కంపెనీల సేవా ఖర్చుకి 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ ఉంది, దాని కిందకి వచ్చే కంపెనీలు లాభంలో 2 శాతం పెట్టాలి. లా ఫర్మ్‌లు భాగస్వామ్య సంస్థలు, వాటికి అది వర్తించదు. బార్ కౌన్సిల్ నియమాల్లో 46వది మాత్రం లాయరు తన స్తోమత మేరకు పేదలకి ఉచితంగా సాయపడటం గొప్ప బాధ్యతల్లో ఒకటని చెబుతుంది. గంటలు ఎన్ననేది చెప్పదు. న్యూయార్క్‌లో 2015 నుంచి, లాయరుగా చేరాలంటే ముందే 50 గంటలు ఉచిత సేవ చేసి ఉండాలి. అంకె ఉంటేనే పని జరుగుతుందే, నాకు అలాగే అనిపిస్తుంది. ఒకరోజు దుప్పట్లు పంచి ఫొటో దిగడాన్ని నేను తప్పుపట్టను. కానీ ఓబులేసన్నకి కావాల్సింది వరసగా నాలుగు శనివారాలు.

మేడం దాచకుండా చెప్పారు. గంటలు విడిగా రాసుకోవచ్చట, ఏడాది చివర బోనస్ లెక్కలో మాత్రం చేరవట. సూటిగా చెప్పినందుకు ఆవిడ మీద గౌరవం కలిగింది. ఆఫర్ కూడా వచ్చింది! ఇంకా సంతకం పెట్టలేదు. నెలకి కనీసం కొన్ని గంటలైనా ఈ పనికి ఇస్తామని రాసివ్వమని మెయిల్ పెట్టాను. వచ్చిన ఉద్యోగం చేజారుతుందేమోనని అమ్మకి ఒకటే దిగులు. నాకూ భయంగానే ఉంది, కానీ అడగకుండా చేరితే తర్వాత అడిగే ధైర్యం రాదు.

నువ్వూ సీవీలో రాయవే, తప్పకుండా రాయి. కానీ ఎవరి పని చేశావో, అది ఎక్కడ ఆగిందో, ఎలా కదిలిందో చెప్పగలిగేలా చూసుకో. వాళ్ల దగ్గర ఎన్ని గంటలిస్తారో నువ్వు కూడా అడుగు. మనం నలుగురం అడిగితే అది వాళ్లకి వింతగా ఉండదు.

వచ్చే శనివారం ఓబులేసన్న వాళ్ల షెడ్డు నుంచి ఇంకో నలుగురు వస్తున్నారు. హాజరీ డైరీలుంటే తెమ్మని చెప్పాను.

నీ
సుధ