క్యాంప్ గ్లెన్ చూశాక

ఇండియానాపోలిస్

ప్రియమైన శ్రీనూ,

ఎలా ఉన్నావు? అమ్మగారి మోకాళ్ల నొప్పులు తగ్గాయా?

నిన్న ఫోర్ట్ హారిసన్ పార్కుకు వెళ్లాను. ఒకప్పుడది సైనిక స్థావరం. అక్కడ క్యాంప్ గ్లెన్ అనే పాత శిక్షణ శిబిరం భవనాల ముందు నిలబడగానే నువ్వే గుర్తొచ్చావు. 1920లో వచ్చిన చట్టం ప్రకారం ఇక్కడ అమెరికాలో ఏటా వేసవిలో యువకులకు నెల రోజుల సైనిక శిక్షణ ఇచ్చేవారు. 1921లో మొదలై 1940 దాకా సాగింది. దారి ఖర్చులు, భోజనం, యూనిఫాం ప్రభుత్వానివే, జీతం మాత్రం లేదు. తర్వాత సైన్యంలో చేరి తీరాలన్న షరతూ లేదు. అయినా దాదాపు నాలుగు లక్షల మంది వచ్చారట! బేసిక్, రెడ్, వైట్, బ్లూ అని నాలుగు వేసవుల కోర్సు. అన్నీ పూర్తిచేసి రిజర్వు అధికారులైనవాళ్లు సుమారు 5,000 మందే. అంతమాత్రాన మిగతావాళ్ల శ్రమ వృథా అంటే నేను ఒప్పుకోను. మనమూ అధికారులం కాలేదు కదా, ఆ పది రోజుల ఎన్‌సీసీ క్యాంపు మనలోంచి పోయిందా?

వాళ్ల కాళ్లకు చుట్టుకునే ఉన్ని పట్టీల గురించి చెప్పాలి. ఇంగ్లిషువాళ్ల 'పటీ' మన 'పట్టీ' నుంచే వెళ్లింది. చీలమండ దగ్గర మొదలుపెట్టి, ఒక చుట్టు మీద సగం దాకా మరో చుట్టు వచ్చేలా మోకాలి కింది వరకు తేవాలి. బిగిస్తే కాలు తిమ్మిరెక్కుతుంది, వదులైతే కవాతు మధ్యలో జారిపోతుంది. జూలై ఎండలో ఉన్ని! నా పిక్కలు చురుక్కుమన్నాయి.

విమానంలో ధ్వని వేగాన్ని దాటిన చక్ యేగర్ 1939, 1940 వేసవుల్లో ఇక్కడే శిక్షణ పొందాడు. ఆ కుర్రాళ్లలో ఎంతమంది తర్వాత నిజమైన యుద్ధానికి వెళ్లారో అనుకుంటే గొంతు పట్టేసింది. ఆ కాలంలోనే మన కాలేజీల్లో యూనివర్సిటీ ట్రైనింగ్ కోర్ ఉండేది, 1948లో పుట్టిన మన ఎన్‌సీసీకి అదే పూర్వరూపం.

ఆఖరి రోజు మైదానంలో తీసిన గ్రూపు ఫోటో నీ దగ్గరే ఉండాలి. నీ టోపీ వంకరగా ఉందని నేను చెయ్యెత్తి సరిచేస్తుండగా తీశారు, గుర్తుందా? వెతికి పంపరా, ఇక్కడ గోడకు పెట్టుకుంటాను.

నీ
రఘు