పిడికెడు బియ్యం

నేస్తం,

ఈసారి క్రిస్మస్‌కు ఏం చేస్తున్నారని మొన్న ఫోనులో అడిగావు. పక్కన నలుగురు ఉండడంతో ఒక్క మాటలో సరిపెట్టాను. అసలు సంగతి తీరుబడిగా చెప్పాల్సింది. అందుకే ఈ ఉత్తరం.

మా వంటింటి మూలన ఉండే పిడికెడు బియ్యం డబ్బా నీకు గుర్తుండే ఉంటుంది. దాని మూత మీద కూర్చుని మనిద్దరం జంతికలు తింటుంటే నానమ్మ కేకలేసేది. అది దేవుడి బియ్యం, దిగండి అని. ఇప్పుడు గొడవంతా ఆ డబ్బా గురించే. బియ్యం మోయడం, పురుగు ఏరడం ఇంకా ఎందుకు, ఇంటికింత అని డబ్బు పంపేస్తే పోతుంది కదా అని మా చర్చి సంఘంలో కుర్రాళ్లు అంటున్నారు. మా తమ్ముడూ వాళ్ల వైపే. నాకు మాత్రం మనసు ఒప్పడం లేదు.

ఆ అలవాటు నానమ్మకు వాళ్ల అత్తగారి నుంచి వచ్చింది. ఎసరు పెట్టి, బియ్యం కడగబోయే ముందు ఒక పిడికెడు తీసి కుండలో వేయాలి. రెండు పూటలా తీస్తే నెల తిరిగేసరికి రెండు కిలోల పైమాటే. కొంత ఆదివారం సంచిలో పోసుకుని గుడికి తీసుకెళ్లేవారు, మిగతాది క్రిస్మస్ నాడు సంఘమంతా కలిసి తినే ప్రేమవిందుకు. ఆ రోజుల్లో ఆడవాళ్ల చేతిలో పైసా ఆడేది కాదు. కూలి డబ్బులు, ధాన్యం అమ్మిన డబ్బులు అన్నీ మగవాళ్ల జేబులోకే. కానీ ఎసట్లో పోసే బియ్యం మీద మాత్రం పెత్తనం ఆడవాళ్లదే. ఎవరినీ అడగకుండా వాళ్లు ఇవ్వగలిగింది అదొక్కటే. డబ్బుగా మారిస్తే మళ్లీ ఇచ్చేది సంపాదించేవాడే కదా! ఈ మాట మా తమ్ముడికి చెబితే ఆలోచనలో పడ్డాడు.

నానమ్మకు కంట్లో పొర కమ్మినప్పుడు సోంపేట ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించిన సంగతి మా నాన్న ఇప్పటికీ చెబుతాడు. కెనడా నుంచి వచ్చిన డాక్టర్ బెన్ గలిసన్ అక్కడ పనిచేసిన కాలమది. ఆ ఆసుపత్రికి సాయం చేయాలనే 1963లో కెనడాలోని కాల్గరీలో కొందరు మొదలుపెట్టిన పని, తర్వాత ఎన్నో దేశాల్లో కంటి వైద్యానికి అండగా నిలిచింది. చూపు వచ్చాక నానమ్మ ముందుగా చేసిన పని, ప్రేమవిందు బియ్యంలో రాళ్లు తనే ఏరడం. అప్పటిదాకా కోడళ్లు ఏరితే ఆవిడకు నచ్చేది కాదట!

తిత్లీ తుపాను ఏడాది నువ్వు ఇక్కడ లేవు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. పొద్దున లేచి చూస్తే ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టం. మా వీధిలో చాలా ఇళ్లల్లో బియ్యం తడిసి ముద్దయింది. కరెంటు లేదు, దారికి అడ్డంగా చెట్లు. అమ్మ ఎవరినీ అడగలేదు. డబ్బా మూత తీసి, ఏడాది పొడుగునా కూడిన బియ్యం పెద్ద డేగిసాలో వండి వీధంతటికీ పెట్టింది. ఎవరిది ఏ కులం, ఎవరు ఏ గుడికి వెళతారు అని ఆ రోజు ఎవరూ చూసుకోలేదు. ఆ డిసెంబరులో ప్రేమవిందుకు అన్నం, పప్పు, చారు మాత్రమే. మాంసం లేదు, బూరెలు లేవు. అంత తృప్తిగా తిన్న విందు నాకు మరొకటి గుర్తులేదు.

మిగతావన్నీ ఎప్పటిలాగే. వెదురు బద్దలతో నక్షత్రం కడుతున్నాను, రంగు కాగితాలు పిల్లలు అంటిస్తున్నారు. అరిసెలకు కొత్త బియ్యం నానబోశారు. పాటల జట్టు ఇంటింటికీ బయలుదేరే రాత్రి మైకు పాటల కంటే ముందు పురుషోత్తమ చౌదరి గారి కీర్తన ఒకటి పాడి తీరాలని నాన్న పట్టు. ఆయన పర్లాకిమిడి మనిషి, 1803లో పుట్టారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినా, ఆ కీర్తనలు మనవేనంటాడు నాన్న. డోలక్ వాయించే కుర్రాడికి ఆ తాళం ఇంకా పట్టుబడలేదు. రోజూ సాయంత్రం నాన్నే కూర్చోబెట్టి నేర్పుతున్నాడు.

డబ్బా సంగతి వచ్చే ఆదివారం స్త్రీల సమాజంలోనే తేల్చమని పాస్టరు గారు అన్నారు. న్యాయమే, తీసేది వాళ్లు కాబట్టి. మా అమ్మాయి మాత్రం నిర్ణయం కోసం ఆగలేదు. ఇప్పటికే వాళ్ల అమ్మ వెనకాల నిలబడి తన చిన్న పిడికిలితో తీస్తోంది. అది చాలదని అమ్మ ఇంకొంచెం కలుపుతోంది.

తుపాను తర్వాత మీ నాన్నగారు నాటిన కొబ్బరి మొక్కలు కాపుకొచ్చాయి. మొదటి కాయలు మా ప్రేమవిందుకే అంటున్నారు. దింపడానికి మనుషులు దొరకడం లేదు. ముంబైలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పలాసలో దిగుతావు, బండి తెస్తాను. 23కల్లా వచ్చేటట్టు చూడు, కాయలు వలవాలి.

ఇట్లు
నీ నేస్తం