ఆ నల్లబాతు గుర్తొచ్చి నవ్వాను

చిన్నా,

మొన్న ఫోన్‌లో నేను నవ్వినందుకు నీకు కోపం వచ్చిందని తెలుసు. "సరేలే అమ్మా, తర్వాత మాట్లాడతా" అని పెట్టేశావు. ఆ తర్వాత ఇప్పటికి నాలుగు రోజులైంది. మెసేజ్ పెడదామనుకున్నాను గానీ నేను చెప్పాలనుకున్నది అందులో ఇమడదు. అందుకే ఈ ఉత్తరం.

నిన్ను చూసి నవ్వలేదురా. మీ మేనేజరు సోమవారం ఒక డిజైన్ అడిగాడనీ, నువ్వు చేసేసరికి అది కాదు ఇంకోటి అన్నాడనీ, అదీ చేసి పట్టుకెళితే అసలా ప్రాజెక్టే ఆగిపోయిందన్నాడనీ చెప్పుకొస్తున్నావు కదా. ఆ మూడోది చెప్పేటప్పుడు నీ గొంతు ఒక్కసారిగా పైకి లేచింది. సరిగ్గా అప్పుడు నాకు ఆ నల్లబాతు గుర్తొచ్చింది. నీ చిన్నప్పుడు మనిద్దరం ఎన్నిసార్లు చూశామో లెక్కలేని "డక్ అమక్" అనే కార్టూన్ సినిమాలోని బాతు. ఇక నవ్వు ఆగలేదు. తప్పు నాదే. కానీ ఆ నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పకపోతే నాకు నిద్రపట్టేలా లేదు.

నువ్వు కాస్త పెద్దవాడివయ్యాక ఒకసారి అన్నావు, "అందులో ఏముందమ్మా, పాపం ఆ బాతుని ఏడిపించడమే కదా" అని. మీ నాన్నదీ అదే మాట. నేను ఒప్పుకోను.

మొదట్లో ఏం జరుగుతుందో గుర్తుందా? పేర్లు పడే తీరు చూస్తే ఏదో పాత రాజుల కాలం సాహసకథ మొదలవుతోందనిపిస్తుంది. మన నల్లబాతు డాఫీ డక్ కత్తి పట్టుకుని వీరావేశంతో వస్తాడు. ఝుళిపిస్తూ నాలుగడుగులు వేస్తాడో లేదో, వెనకాల బొమ్మ అయిపోతుంది. కూలిపోవడం కాదు, అయిపోవడమే. గీసినంతవరకు గీసి వదిలేశారు. అక్కణ్ణుంచి ఒట్టి తెల్లకాగితం. వాడు అది చూసుకోకుండా ఇంకా కత్తి తిప్పుతూనే ఉంటాడు. తర్వాత ఆగుతాడు. చుట్టూ చూస్తాడు. అరవడు. ఎవరికీ వినబడకూడదన్నట్టు, సీనరీ ఏదని గుసగుసగా అడుగుతాడు. నాటకం మధ్యలో తెర చిక్కుకుంటే, జనానికి తెలియకుండా పక్కనున్నవాడికి సైగ చేస్తాడు చూడు నటుడు, అలాగన్నమాట.

మొత్తం సినిమాలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఆ గుసగుసే. వాడికి అప్పటికింకా కోపం రాలేదు. ఏదో పొరపాటు జరిగింది, పరువు పోకుండా సర్దుకుందాం అనుకుంటున్నాడు.

అప్పుడొక కుంచె వచ్చి వెనకాల పొలం గీస్తుంది. వీడు మళ్ళీ కత్తితో ఠీవిగా వస్తాడు, చూస్తే పశువుల కొట్టం! ఒక్క క్షణం బిక్కమొహం వేసి, వెళ్ళిపోయి, రైతు వేషంలో పాట పాడుకుంటూ తిరిగొస్తాడు. ఈలోగా అక్కడంతా మంచు. సరే, మంచులో తిరిగే బట్టలూ కాళ్ళకు స్కీలూ తగిలించుకొస్తాడు. అంతలో అది ఎండ కాసే దీవి అయిపోతుంది. దానికీ వేషం సిద్ధం. చూడు, వాణ్ణి బట్టలు మార్చుకోమని ఎవరూ అడగలేదు. గీసేది ఎవరో కూడా వాడికి తెలియదు. అయినా బొమ్మ మారిందంటే దానికి తగ్గ వేషం వేసుకురావడం తన డ్యూటీ అనుకుంటాడు. ఆ పిచ్చి నమ్మకం చూసే నాకు నవ్వొస్తుంది, వాడు దెబ్బలు తిన్నందుకు కాదు. ఎవరైనా జారిపడితే ఒకసారి నవ్వుతాం. ఎక్కడ పడతాడో తెలిశాక రెండోసారి నవ్వు సగమవుతుంది. కానీ ఒక మర్యాదస్తుడు మర్యాద నిలబెట్టుకోవడానికి తంటాలు పడుతుంటే, ఏ క్షణాన తెగుతుందో ముందే తెలిసినా, తెలిసినందుకే ఇంకా నవ్వొస్తుంది. మీ మేనేజరుతో మొదటిసారి నువ్వూ "పర్లేదు సర్, చేసేస్తా" అనే ఉంటావు. నాకు తెలుసు నీ సంగతి.

అసలు ఆ బాతు మొదట్నుంచీ ఇలా ఉండేవాడు కాదు. 1937లో మొదటిసారి తెరమీదకొచ్చినప్పుడు ఒట్టి వెర్రిబాతు, గెంతడం అరవడం తప్ప ఇంకోటి లేదు. చక్ జోన్స్ అనే దర్శకుడి చేతిలో పడ్డాక వాడికి అహం వచ్చింది. తనో పెద్ద స్టార్‌ననే భ్రమ, గుర్తింపు కోసం ఆరాటం, దక్కకపోతే ఉక్రోషం. "డక్ అమక్" వార్నర్ బ్రదర్స్ 1953లో విడుదల చేసింది. కథ రాసింది మైకేల్ మాల్టీస్. అప్పట్లో ఇవి హాల్లో అసలు సినిమాకి ముందు వేసేవి, పెద్దవాళ్ళు కూడా కూర్చుని చూసేవి. పిల్లల కోసమని తేలిక చేసి తీసినవి కావు. ఆ వెర్రిబాతునే తెల్లకాగితం మీద నిలబెడితే ఏముంటుంది, అక్కడా గెంతుతాడు, అంతే. పరువున్నవాడు గనకే పరువు పోతుంది.

శబ్దం సంగతి చెప్పకుండా ఉండలేను. వాణ్ణి మొత్తం రబ్బరుతో చెరిపేసి, మళ్ళీ గిటారుతో కౌబాయ్‌లా గీస్తారు కదా. తీగ మీటుతాడు, చప్పుడు లేదు. నోరు తెరిచినా లేదు. అప్పుడు కూడా తిట్టడు, దయచేసి సౌండ్ ఇవ్వమని ఒక బోర్డు ఎత్తి చూపిస్తాడు. సౌండ్ వస్తుంది, గిటారులోంచి తుపాకీ మోత! ఇంకోసారి మీటితే కారు హారన్. చివరికి వాడు నోరు తెరిస్తే కోడికూత. ఆ కూత బయటికి రాగానే రెండు చేతులతో నోరు మూసుకునే తీరు చూడాలి. అన్నీ పోగొట్టుకున్నాక సొంత గొంతు కూడా తనది కాకుండా పోయిందన్న సిగ్గు.

ఇంకో తమాషా ఉంది. డాఫీకి గొంతిచ్చింది మెల్ బ్లాంక్. చివర్లో వాణ్ణి ఇంతసేపు ఏడిపించింది ఎవరో బయటపడుతుంది కదా, ఆ కుందేలు బగ్స్ బనీ గొంతూ ఆయనదే. ఇది తెలిశాక మళ్ళీ చూస్తే, ఒకే మనిషి తనని తానే ఏడిపించుకుంటున్నట్టుంటుంది. ఫిల్ము సరిగా కదలక తెరమీద ఇద్దరు బాతులై ఒకరితో ఒకరు పోట్లాటకి దిగుతారు చూడు, అక్కడా రెండు గొంతులూ ఆయనే.

తెర మొత్తం వాడి నెత్తిమీదకి కుంగిపోవడం, విమానం, పారాచూట్ ఉన్నట్టుండి కమ్మరి దాగలిగా మారిపోవడం, ఇవన్నీ నవ్వించేవే గానీ మిగతా కార్టూన్లలోనూ చూస్తాం. నాకవి లేకపోయినా ఫర్వాలేదు. నీకు మాత్రం ఆ క్లోజప్ చాలు. సముద్రం మధ్య ఎక్కడో చుక్కంత దీవి మీద నిలబడి, నన్ను దగ్గరగా చూపించమని అరుస్తాడు. తెర మొత్తం నల్లగా చేసి, వాడి చుట్టూ మాత్రం అగ్గిపెట్టెంత కిటికీ వదులుతారు. ఇదా క్లోజప్ అని చిందులేస్తే, ఈసారి కెమెరా దూసుకొచ్చి వాడి ఎర్రబడ్డ కళ్ళు రెండే తెరనిండా చూపిస్తుంది. అడిగింది అడిగినట్టే ఇచ్చారు, పనికిరాకుండా ఇచ్చారు! నీకు నాలుగేళ్ళప్పుడు ఆ కళ్ళు రాగానే సోఫా మీంచి దొర్లి కిందపడేవాడివి. మళ్ళీ వెయ్యమనేవాడివి. నేను వెనక్కి తిప్పి తిప్పి వేసేదాన్ని. నవ్వడానికి నాకైతే వయసనే కారణం ఉంది, నీకేం తెలిసి అంత నవ్వావో ఇప్పటికీ అర్థం కాదు.

1999లో అమెరికా వాళ్ళు దీన్ని తమ నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీలో చేర్చి భద్రం చేసుకున్నారట. మంచిదే. ఆ మాట విన్నప్పుడు మాత్రం నాకు, ఆ గౌరవం తీసుకోవడానికి డాఫీ సూటూ బూటూ వేసుకుని స్టేజీ ఎక్కగానే వెనకాల బొమ్మ మారిపోతున్నట్టు కనిపించింది.

ఆఖరు సంగతి ఒకటుంది, నీకు గుర్తుందో లేదో. ఇంతకీ ఎవరు నువ్వు, ముందుకొచ్చి మొహం చూపించు అని వాడు గొంతు చించుకుంటుంటే, పెన్సిల్ ఒక తలుపు గీసి వాడి మొహం మీదే మూసేస్తుంది. కెమెరా వెనక్కి జరుగుతుంది. బొమ్మలు గీసే బల్ల ముందు కుందేలు కూర్చుని, నేనెంత కొంటెవాణ్ణో కదా అన్నట్టు మనవైపు చూసి నవ్వుతుంది. హాల్లో అందరూ అక్కడ నవ్వే ఉంటారు. నువ్వు నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని, "ఆ తలుపు అవతల లైటుందా అమ్మా?" అని అడిగావు.

ఉందన్నాను. నాకేం తెలుసురా, ఉందో లేదో. ఆ రాత్రి మాత్రం నీ గదిలో లైటు తీయనివ్వలేదు.

ఫోన్ చెయ్యి. ఆ తర్వాత మీ మేనేజరు ఏమన్నాడో వినాలని ఉంది. ఈసారి నవ్వనని మాత్రం మాటివ్వలేను.

అమ్మ