డిగ్రీలో స్టాటిస్టిక్స్‌ను పక్కకు నెట్టొద్దు

సంపాదకులకు నమస్కారం.

తెలంగాణలో డిగ్రీ సీట్లు కేటాయించే ఆన్‌లైన్ విధానం దోస్త్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకునే రోజులు వచ్చాయి. ఇంటర్ ఎంపీసీ చదివి ఇంజినీరింగ్‌కు వెళ్లని పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఒకటే: "సార్, బీఎస్సీలో డేటా సైన్స్ మంచిదా, ఎంఎస్‌సీఎస్ మంచిదా?" మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్ మూడూ కలిసిన గ్రూపే ఎంఎస్‌సీఎస్. డేటా సైన్స్‌కు కావలసిన సరుకంతా అందులోనే ఉంది. అయినా పాత పేరు కాబట్టి పాత చదువు అనుకుంటున్నారు.

పిల్లలు అలా అనుకుంటే సర్దిచెప్పొచ్చు. కాలేజీలే అలా అనుకుంటున్నాయి. మా వైపు ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఈ గ్రూపులోంచి స్టాటిస్టిక్స్ తీసేసి ఆ చోట డేటా సైన్స్ పెట్టింది. స్టాటిస్టిక్స్ మేడమ్‌ను మానిపించి, ఆ క్లాసులు జావా చెప్పే సార్‌కే అప్పగించారు. ఆయన్ని తప్పుపట్టను, ఇచ్చిన టైంటేబుల్ ప్రకారం చెబుతున్నారు. అక్కడ చదివే కుర్రాడొకడు ల్యాప్‌టాప్‌లో రిగ్రెషన్ (ఒకదాన్ని బట్టి ఇంకొకటి ఎంత మారుతుందో కట్టే లెక్క) వేసి చూపించాడు. పీ-వాల్యూ 0.05 కన్నా తక్కువ వచ్చింది కదా, దాని అర్థం ఏమిటని అడిగితే "రిజల్ట్ బాగా వచ్చినట్టు సార్" అన్నాడు. అసలు సంబంధమే లేకపోయినా ఇంత లేదా ఇంతకన్నా బలమైన ఫలితం కాకతాళీయంగా వచ్చే అవకాశం నూటికి ఐదు కన్నా తక్కువని దాని అర్థం. మూడేళ్ల ఫీజు కట్టి నేర్చుకున్నది అదైతే ఉద్యోగ ఇంటర్వ్యూలో రెండో ప్రశ్న దాటడు.

మన దేశంలో ఈ మూడు సబ్జెక్టులూ మొదటి నుంచీ కలిసే పెరిగాయి. దేశానికి మొదటి డిజిటల్ కంప్యూటర్ 1955లో వచ్చింది ఏ ఇంజినీరింగ్ కాలేజీకో కాదు, గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ నడిపిన కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు. లెక్కలు చేత్తో తెమలక తెప్పించుకున్నారు. అదే సంస్థలో పనిచేసిన మన తెలుగువాడు సి.ఆర్.రావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మ్యాథ్స్ ఎంఏ చేసి, ఆ తర్వాత కలకత్తాలో స్టాటిస్టిక్స్ చదివారు. పక్షపాతం లేని, అంటే సగటున అసలు విలువకే చేరే, అంచనాను ఎంత జాగ్రత్తగా వేసినా అందులోని అస్థిరత ఏ హద్దు కన్నా కిందికి దిగదో 1945లో లెక్కగట్టి చూపారు. ఆ హద్దుకు ఇప్పటికీ క్రామర్ అనే మరో శాస్త్రవేత్త పేరుతో కలిపి ఆయన పేరు ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలో ఆయన పేరు పెట్టుకున్న సంస్థ పూర్తి పేరులో మ్యాథమెటిక్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్ మూడూ ఉన్నాయి. ఏటా జూన్ 29న, మహలనోబిస్ జయంతి నాడు, గణాంక దినోత్సవం పేరుతో ఈ పెద్దల ఫొటోలకు దండలు వేస్తాం. అదే నెలలో స్టాటిస్టిక్స్ సీట్లు తగ్గించుకుంటాం.

ఈ చదువు ఊళ్లో ఎక్కడ పనికొస్తుందని అడిగేవాళ్లకు పంట కోత ప్రయోగాలు చూపిస్తాను. వరి దిగుబడి తేల్చడానికి ఊళ్లో పొలాలన్నీ కోసి తూచరు. ర్యాండమ్ నంబర్లతో పొలాన్ని, ఆ పొలంలో చోటును ఎంచి, 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పున గడి కొలిచి, అందులో పంట మాత్రమే కోసి తూకం వేస్తారు. ఆ 25 చదరపు మీటర్ల గడిలో ఒక్క కిలో తేడా వస్తే ఎకరాకు 160 కిలోలకు పైగా తేడా వచ్చినట్టే. నంబరు ప్రకారం కాకుండా గట్టు పక్కన అందుబాటులో ఉన్న చోట కోస్తే లెక్క ఎటు వంగుతుందో చెప్పాలంటే స్టాటిస్టిక్స్ రావాలి. ఆ లెక్క ఎందుకు నిలుస్తుందో మ్యాథ్స్ చెబుతుంది. వేల గడుల వివరాలు సెల్‌ఫోన్‌లోంచి వచ్చి పడుతుంటే తప్పులు ఏరడానికి ప్రోగ్రామింగ్ కావాలి. మూడింటిలో ఏది తక్కువైనా నష్టం రైతుకే.

అయితే ఎంఎస్‌సీఎస్‌ను ఇప్పుడు చెబుతున్న తీరు బాగుందని నేను అనను. మూడు డిపార్ట్‌మెంట్లు మూడు ఇళ్లలా ఉంటాయి, పండక్కి కూడా కలవవు. మా కాలేజీలో చూసిందే చెబుతాను. రెండో ఏడాది స్టాటిస్టిక్స్ ప్రాక్టికల్స్‌లో లీస్ట్ స్క్వేర్స్ పద్ధతిలో, అంటే చుక్కలన్నిటికీ వీలైనంత దగ్గరగా పోయేలా, సరళరేఖ గీయిస్తారు. పిల్లలు క్యాలిక్యులేటర్ నొక్కి ఆ రేఖను ఇచ్చే నార్మల్ ఈక్వేషన్లు సాధించి రికార్డులో ఎక్కిస్తారు, కొందరు పక్కవాళ్ల రికార్డులోంచి. అదే సంగతి వెక్టర్ స్పేస్‌లో లంబంగా నీడ వేయడమేనని తెలిపే లీనియర్ ఆల్జీబ్రా మూడో ఏడాదికి గానీ రాదు. వచ్చినా ఆ మ్యాథ్స్ లెక్చరర్ రిగ్రెషన్ ఊసెత్తరు. ఇక కంప్యూటర్ ల్యాబ్‌లో ఎప్పుడూ ఆ లైబ్రరీ మేనేజ్‌మెంట్ ప్రాజెక్టే. ఐఐటీ మద్రాస్ 2020లో ఆన్‌లైన్‌లో మొదలుపెట్టిన డేటా సైన్స్ కోర్సు చూడండి. మొదటి మెట్టులో ఇంగ్లిష్ కాకుండా మిగిలినవి మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, ప్రోగ్రామింగే.

ఉద్యోగాల సంగతీ చెప్పాలి. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్షకు డిగ్రీతోనే కూర్చోవాలంటే అందులో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉండాలి. మెమోలో డేటా సైన్స్ అని ఉన్న పిల్లవాడు నోటిఫికేషన్ వచ్చాక ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తే ఎవరు జవాబు చెబుతారు? పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి ఒక్క సబ్జెక్టే ప్రధానంగా ఉండే సింగిల్ మేజర్ తెచ్చారు. ఒక మేజర్, ఒక మైనర్ అంటే ఈ మూడింటిలో ఒకటి పక్కకు పోయినట్టే. మనం ఆ దారి పట్టకూడదు.

ఉన్నత విద్యామండలిని, విశ్వవిద్యాలయాలను కోరేది ఇంతే. స్టాటిస్టిక్స్‌లో పీజీ చేసిన అధ్యాపకుడు లేని కాలేజీకి డేటా సైన్స్ కాంబినేషన్ అనుమతి ఇవ్వొద్దు. ఎంఎస్‌సీఎస్ పిల్లలకు రిగ్రెషన్ కన్నా ముందే మ్యాట్రిసెస్, లీనియర్ ఆల్జీబ్రా మొదటి పాఠాలైనా చెప్పించండి. ఆఖరి సెమిస్టర్‌లో ముగ్గురు లెక్చరర్లూ కలిసి మార్కులు వేసే ఒకే ప్రాజెక్టు పెట్టండి. సొంత మండలం పంట లెక్కలో, వర్షపాతమో తీసుకుంటే చాలు. దీనికి కొత్త భవనాలు, కొత్త నిధులు అక్కర్లేదు. సిలబస్ నిర్ణయించే మూడు సబ్జెక్టుల బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లు ఒకే రోజు, ఒకే గదిలో సమావేశమైతే సరిపోతుంది. నా సర్వీసులో అలాంటి సమావేశం ఒక్కటీ చూడలేదు.

— ఒక విశ్రాంత స్టాటిస్టిక్స్ అధ్యాపకుడు, హనుమకొండ